కొట్టు కట్టేశాక కంప్యూటర్ ఎవరితో మాట్లాడుతోంది?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర ఊరు. నాన్నగారికి రొయ్యల మేత కొట్టు ఉంది. లెక్కలన్నీ నేనే ట్యాలీలో రాస్తాను. రెండు నెలల కిందట ట్యాలీ తెరుచుకోకపోతే, తెలిసినవాళ్లు చెప్పిన ఒక కుర్రాడు ఫోనులో మాట్లాడుతూ మాచేత ఏదో ప్రోగ్రాం ఎక్కించి, తన ఊళ్లో కూర్చునే మా కంప్యూటర్‌ని నడిపి బాగుచేశాడు. అప్పటినుంచి సాయంత్రాలు నెట్ బాగా నెమ్మదించింది. కొట్టు కట్టేశాక కూడా మోడెం దీపాలు మినుకు మినుకుమంటూనే ఉంటున్నాయి. ఇంజనీరింగ్ చదివే మా తమ్ముడు రాత్రి 11 గంటలకి నల్ల తెర (కమాండ్ ప్రాంప్ట్) తెరిచి నెట్‌స్టాట్ అని కొడితే వందకి పైగా వరసలు వచ్చాయి. వాటిలో ఆరు రాసి పంపుతున్నాను. ఇంతమంది మా కంప్యూటర్‌లో దూరారా? అందరూ ఫార్మాట్ కొట్టించెయ్యమంటున్నారు. ఎనిమిదేళ్ల అరువు ఖాతాలు అందులోనే ఉన్నాయి. ఏం చెయ్యమంటారు?
పాలకొల్లు ప్రాంతం నుంచి ఒక పాఠకురాలు

సమాధానం:

చెల్లెమ్మా, ఫార్మాట్ మాట ఇవాళ్టికి పక్కన పెట్టండి. వంద వరసలు వచ్చాయంటే వందమంది దొంగలు దూరారని కాదు. బ్రౌజరులో ఒక వార్తల పేజీ తెరిస్తే చాలు, బొమ్మలు ఒకచోటి నుంచి, ప్రకటనలు ఇంకోచోటి నుంచి తెచ్చుకోవడానికి అది డజన్ల కొద్దీ కనెక్షన్లు పెట్టుకుంటుంది. దానికితోడు విండోస్ తన పనుల కోసం తాను కొన్ని తెరుచుకుని కూర్చుంటుంది. మీరు పంపిన ఆరు వరసల్లో నన్ను ఆపినవి రెండే. వాటి దగ్గరికి వస్తాను. కానీ ముందు ఆ జాబితా చదవడం మీకు రావాలి. లేకపోతే రేపు ఇంకో వరస చూసి మళ్లీ ఇదే భయం.

మన ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లు. అక్కణ్ణుంచి మీ ఊరి పంటబోదె దాకా లాకులు, తూములు లెక్కకి మించి ఉంటాయి. గట్టు మీద తిరిగే లస్కరు కాలువ నిండా నీళ్లు పారుతుంటే కంగారుపడడు. ఏ తూము తెరిచి ఉంది, ఎవరి చేలోకి పారుతోంది, ఇవాళ వంతు ఎవరిది, ఇవే చూసుకుంటాడు. ఎవరైనా రాత్రికి రాత్రి గట్టు తవ్వి గొట్టం వేస్తే పట్టుకునేదీ అతనే. నిన్న అక్కడ గొట్టం లేదని అతనికి తెలుసు కాబట్టి. కంప్యూటర్‌కీ అలాంటి తూములుంటాయి. పోర్టులంటాం. టీసీపీ అనే పద్ధతికి 65,535, యూడీపీ అనే పద్ధతికి మళ్లీ అన్నే. నెట్‌స్టాట్ అంటే ఆ గట్టు మీద ఒకసారి నడిచి రావడం. 1983లో వచ్చిన బర్క్‌లీ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంతో పుట్టిన కమాండు ఇది. ఇన్నేళ్లయినా మీ విండోస్‌లో కొనకుండా, దించుకోకుండా సిద్ధంగా ఉంది.

తమ్ముడు పంపినలాంటి వరసలు రావాలంటే ఉత్త నెట్‌స్టాట్ అని కొడితే చాలదు. అలా కొడితే ప్రతి అంకెకీ పేరు వెతుక్కుంటూ నెమ్మదిగా కదులుతుంది, పైగా ఏ వరస ఏ ప్రోగ్రాందో చెప్పదు. ఇలా కొట్టాలి: నెట్‌స్టాట్, ఒక ఖాళీ, చిన్న అడ్డగీత, దానికి ఆనించి ఎ, ఎన్, ఓ అనే మూడు ఇంగ్లీషు చిన్నక్షరాలు. ఎ అంటే అన్నీ చూపించు, వినడానికి కూర్చున్నవాటితో సహా. ఎన్ అంటే పేర్ల కోసం వెతక్కు, అంకెలే చూపించు. ఓ అంటే ఈ వరస సొంతదారు ఎవరో చెప్పు. ఆ చివరి ఓ లేకుండా ఈ జాబితా చూడడం, పేర్లు లేని అరువు పుస్తకం చూడడం లాంటిదే. బాకీలు కనిపిస్తాయి, ఎవరివో తెలియదు.

ఇప్పుడు ఒక్కో వరసలో ఎడమనుంచి కుడికి ఐదు గడులు వస్తాయి. మొదటిది టీసీపీనా యూడీపీనా అన్నది. రెండోది మీ కంప్యూటర్ చిరునామా, కోలన్ గుర్తు తర్వాత దాని పోర్టు. మూడోది అవతలివాళ్ల చిరునామా, వాళ్ల పోర్టు. నాలుగోది స్థితి. ఐదోది పీఐడీ, అంటే నడుస్తున్న ప్రోగ్రాంకి విండోస్ ఇచ్చిన నంబరు.

చిరునామాల్లో 192.168తో మొదలయ్యేవి ఇంటి లోపలివి: మీ కంప్యూటర్, మీ ప్రింటరు, నాన్నగారి ఫోను. 10, దాని వెంటనే చుక్కతో మొదలయ్యేవీ, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవీ అంతే. 127.0.0.1 అంటే కంప్యూటర్ తనతో తాను మాట్లాడుకుంటోందని. అలాంటి వరసలు మీ జాబితాలో చాలానే ఉంటాయి, నిశ్చింతగా వదిలెయ్యొచ్చు. రెండో గడిలో 0.0.0.0 అని ఉంటే మాత్రం, ఏ వైపునుంచి ఎవరు వచ్చి తట్టినా వినడానికి ఆ తూము సిద్ధంగా ఉందని అర్థం.

స్థితుల్లో మీకు తరచుగా కావలసినవి రెండు. లిజనింగ్ అంటే షట్టరు ఎత్తి పెట్టి ఉంది, ఇంకా నీళ్లు రాలేదు. ఎస్టాబ్లిష్డ్ అంటే ఇప్పుడు ఈ క్షణాన రెండు వైపులా కనెక్షన్ నిలబడి ఉంది. టైమ్ వెయిట్ అని కనిపించేవి ముగిసిపోయిన సంభాషణలు; దారిలో ఆలస్యమైన ముక్క ఏదైనా వస్తుందేమోనని కాసేపు ఉంచి తీసేస్తారు. వాటి పీఐడీ గడిలో సున్నా ఉంటుంది. అది చూసి తమ్ముడు సొంతదారు లేని కనెక్షన్లని బెదిరిపోవక్కర్లేదు. క్లోజ్ వెయిట్ అంటే అవతలివాళ్లు ముగించారు, మన ప్రోగ్రాం ఇంకా ముగించలేదని. ఇది ఎక్కువగా ప్రోగ్రాం రాసినవాళ్ల అశ్రద్ధ. సిన్ సెంట్ అంటే మన కంప్యూటర్ అవతలి తలుపు తట్టి జవాబు కోసం చూస్తోందని; ఒకటీ అరా కనిపిస్తే పర్లేదు. ఎప్పుడూ చూడని చిరునామాలకి అవే పదులకొద్దీ వస్తుంటే మాత్రం మీ కంప్యూటర్ ఊరి తలుపులన్నీ తడుతోందని. అప్పుడు వెంటనే నెట్ తీగ పీకెయ్యాలి. మీరు పంపిన ఆరు వరసల్లో అలాంటివి లేవు.

ఇక మీ ఆరు వరసలు.

135 లిజనింగ్, విండోస్ సొంత పని. 445 లిజనింగ్, పీఐడీ 4. ఫైళ్లూ ప్రింటర్లూ పంచుకునే తూము, ఆ 4 విండోస్ మూల ప్రాసెసే. ఇంటి లోపల ఉన్నంతవరకు దీనితో బాధ లేదు. రౌటరు దాటి బయటికి మాత్రం తెరుచుకోకూడదు. 9000 లిజనింగ్, ఇది మీ ట్యాలీయే. వేరే ప్రోగ్రాములు అడిగితే లెక్కలు అందించడానికి అది మామూలుగా ఆ పోర్టు మీద కూర్చుంటుంది. 7680 మీద కనిపించింది విండోస్ అప్‌డేట్లని ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పంచే ఏర్పాటు. మీ నెట్ నెమ్మదికి దీని వాటా ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో డెలివరీ ఆప్టిమైజేషన్‌కి వెళ్లి, ఇతర కంప్యూటర్లతో పంచుకోవడం ఆపెయ్యండి. ఒక్క కంప్యూటర్ ఉన్న కొట్టుకి దానితో పని లేదు.

ఐదోది ఆ కుర్రాడు ఎక్కించిన ప్రోగ్రాం. తమ్ముడు దాని పేరు కూడా రాశాడు కాబట్టి అనుమానం లేదు. బయటి చిరునామాకి, 443 పోర్టుకి, రాత్రి 11 గంటలప్పుడు ఎస్టాబ్లిష్డ్. ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ వరస ఉన్నంతమాత్రాన కుర్రాడు ఆ రాత్రి మీ తెర చూస్తున్నాడని కాదు. ఇలాంటి ప్రోగ్రాములు తమ కంపెనీ సర్వరుతో ఎప్పుడూ ఒక కనెక్షన్ నిలబెట్టుకుని, ఎవరైనా పిలుస్తారేమోనని కాచుకుని ఉంటాయి. లోపలినుంచి బయటికి వెళ్లే కనెక్షన్ కాబట్టి రౌటరు అడ్డుకోదు. కానీ ఎవరూ కుర్చీలో లేనప్పుడు కూడా లోపలికి రాగలిగేలా అతను పాస్‌వర్డు పెట్టుకుని ఉంటే, మీ తాళంచెవి రెండు నెలలుగా అతని దగ్గర ఉన్నట్టే. పని అయిపోయిన రోజునే దాన్ని తీసెయ్యాల్సింది. ఇలా దూరం నుంచి నడిపే యాప్‌ని మోసగాళ్లు వాడుకుని ఖాతాలు ఖాళీ చేస్తున్నారని 2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకే బ్యాంకులని హెచ్చరించింది. మీ కుర్రాడు మంచివాడే కావచ్చు. తాళంచెవి వెనక్కి తీసుకోవడానికి అతను చెడ్డవాడు కానక్కర్లేదు.

దీని గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట తణుకు వైపు ఒక రైసు మిల్లు ఆఫీసులో కంప్యూటర్లు నేను చూసేవాణ్ణి. ఖాతాలు రాసే ఆయన ఇంటినుంచి పనిచేసుకోవడానికి వీలుగా ఎవరో విండోస్‌ని దూరం నుంచి నడిపే 3389 పోర్టు తెరిచి, రౌటరులో కూడా దారి వదిలారు. పాస్‌వర్డు ఎవరైనా ఊహించగలిగేంత తేలిక. నేను నెలనెలా నెట్‌స్టాట్ కొట్టేవాణ్ణి. 0.0.0.0, 3389, లిజనింగ్ అన్న వరస ప్రతిసారీ నా కళ్ల ముందే ఉంది. విండోస్‌దేలే అని దాటిపోయాను. నిజమే, అది విండోస్‌దే. కానీ దాన్ని ఎవరు తెరిచారు, ఎందుకు తెరిచారు అని నేను అడగలేదు. ఒక సోమవారం పొద్దున్న చూస్తే ధాన్యం కొనుగోలు పుస్తకాలేవీ తెరుచుకోలేదు. అన్నిటికీ తాళం వేసి, డబ్బు అడుగుతూ ఒక కాగితం లాంటి ఫైలు పెట్టిపోయారు. మూడు నెలల పాత బ్యాకప్ ఉంది. మిగతా మూడు నెలలూ రైతుల దగ్గరున్న చీటీలు తెప్పించి, కూర్చుని మళ్లీ రాశాం. కొందరి దగ్గర చీటీలు లేవు. ఆ ముసలి రైతులు నోటి మాటగా చెప్పిన బస్తాల లెక్కే రాసుకున్నాం. ఒక్క వరస గురించి అప్పుడు అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

అందుకే మీ ఆరో వరస నన్ను ఎక్కువగా ఆపింది. బయటి చిరునామా, 8081 పోర్టు, ఎస్టాబ్లిష్డ్, పీఐడీ 7416. పేరు రాయలేదు. ఇది మంచిదో చెడ్డదో పోర్టు నంబరు చూసి ఎవరూ చెప్పలేరు, చెప్పినా నమ్మకండి. సొంతదారుని పట్టుకోవాలి. దానికి టాస్క్‌లిస్ట్ అనే కమాండు ఉంది. ఉత్తగా అది కొడితే నడుస్తున్న ప్రోగ్రాములన్నీ పీఐడీలతో సహా వస్తాయి. కళ్లతో వెతుక్కోవడం ఇష్టమైతే టాస్క్ మేనేజర్ తెరిచి, డీటెయిల్స్ అనే పేజీలో పీఐడీ గడి మీద నొక్కితే వరసక్రమంలో సర్దుకుంటాయి. అక్కడ ఆ పేరు మీద కుడి బొత్తాం నొక్కి ఓపెన్ ఫైల్ లొకేషన్ అనండి. ఏ ఫోల్డరులోంచి నడుస్తోందో తెలుస్తుంది. పేరుకన్నా ఇది ముఖ్యం, ఎందుకంటే పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. ఎస్‌వీసీహోస్ట్ అన్నది విండోస్‌లో చాలాసార్లు కనిపించే నిజమైన పేరు. అది విండోస్ ఫోల్డరులోని సిస్టమ్32 నుంచి నడుస్తుంటే సరే. అదే పేరుతో డౌన్‌లోడ్స్‌లోంచో టెంప్‌లోంచో నడుస్తుంటే అది వేషం. ఫైలు మీద కుడి బొత్తాం నొక్కి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ అన్న పేజీ ఉందో లేదో కూడా చూడండి. అందులో తెలిసిన కంపెనీ పేరుంటే సగం బెంగ తీరుతుంది. అది లేకపోయినంత మాత్రాన దొంగ అని కాదు, చిన్న చిన్న ప్రింటరు ప్రోగ్రాములకి చాలావాటికి ఉండదు.

ఒక జాగ్రత్త. 7416 అన్న నంబరు ఆ రాత్రిదే. కంప్యూటర్ ఆపి వేస్తే అదే ప్రోగ్రాంకి వేరే నంబరు వస్తుంది. కాబట్టి పాత కాగితం పట్టుకుని వెతక్కండి. నెట్‌స్టాట్, టాస్క్‌లిస్ట్ ఒకదాని వెంట ఒకటి కొట్టండి. లేదా నల్ల తెరని అడ్మినిస్ట్రేటరుగా తెరిచి, నెట్‌స్టాట్ తర్వాత అడ్డగీత, ఎ, బి, ఎన్, ఓ అని కొడితే ప్రోగ్రాం పేరు వరస కిందే వస్తుంది. కాస్త ఆలస్యం చేస్తుంది, ఓపిక పట్టాలి.

నెట్ నెమ్మది సంగతి. నెట్‌స్టాట్‌ని ఇది అడక్కండి, ఎన్ని నీళ్లు పారుతున్నాయో అది కొలవదు. ఏ తూము తెరిచి ఉందో చెప్తుందంతే. పైన ఎవరో రెండు మోటార్లు వేసి తోడేస్తే శివారు చేలకి నీళ్లు అందనట్టు, ఒక్క ప్రోగ్రాం లాగేస్తే మీ ట్యాలీకీ బ్యాంకు పేజీకీ మిగలదు. అది చూడడానికి రిసోర్స్ మానిటర్ ఉంది. స్టార్ట్‌లో ఆ పేరు కొట్టి తెరిచి, నెట్‌వర్క్ పేజీలో టోటల్ అన్న గడి మీద నొక్కితే ఎక్కువ లాగేది పైకి వస్తుంది. సాయంత్రం నెమ్మదించినప్పుడే చూడండి, పొద్దున్న కాదు. కంప్యూటర్‌లో ఏదీ లాగకుండానే నెట్ నెమ్మదిగా ఉంటే తప్పు ఇంట్లో ఫోన్లదో, టీవీదో, బయటి లైనుదో. మోడెం దీపాలని బట్టి ఏమీ తేల్చలేం. వైఫైకి తగిలించిన ప్రతి ఫోనూ రాత్రంతా గుసగుసలాడుతూనే ఉంటుంది.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. అన్నిటికన్నా ముందు ట్యాలీ బ్యాకప్. రెండు చోట్ల, ఒకటి పెన్‌డ్రైవులో, ఒకటి వేరే హార్డ్‌డిస్కులో. తీయగానే రెండిటినీ కంప్యూటర్ నుంచి పీకి, ఒకటి ఇంట్లో ఉంచండి. ఇది అయ్యేదాకా మిగతా ఏ పనీ వద్దు. తర్వాత నెట్ తీగ పీకి, ఆ దూరం నుంచి నడిపే ప్రోగ్రాంని సెట్టింగ్స్‌లోని యాప్స్ జాబితాలోంచి తీసెయ్యండి. కంప్యూటర్ ఆపి మళ్లీ వెయ్యండి. తీగ పెట్టి, నెట్‌స్టాట్ మళ్లీ కొట్టండి. ఐదో వరస మాయమవ్వాలి. అవ్వకపోతే తీయడం పూర్తి కాలేదని. ఆపైన బ్యాంకు, మెయిలు, జీఎస్టీ పాస్‌వర్డులు మార్చండి. ఈ కంప్యూటర్‌లో కాదు, మీ ఫోనులో. రౌటరు పాస్‌వర్డు కొన్నప్పటిదే అయితే అదీ మార్చి, పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటినుంచి లోపలికి దారి వదలడం) అన్న పేజీలో మీరు పెట్టనిదేదైనా ఉందేమో చూడండి. విండోస్ సెక్యూరిటీలో ఆఫ్‌లైన్ స్కాన్ అని ఉంటుంది, ఒక రాత్రి అది నడపండి. నెట్‌స్టాట్‌కి దొరక్కుండా దాక్కునే దొంగ ప్రోగ్రాములున్నాయి. విండోస్ లేవకముందే వెతికే ఈ స్కానుకి అలాంటివి దొరికే వీలెక్కువ. ఈ రెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు నాన్నగారూ మీరూ కూర్చుని వరస వరస చూడండి. మీకు తెలియకుండా ఒక్క రూపాయి వెళ్లినట్టున్నా ఆ నిమిషమే 1930కి ఫోను చెయ్యండి. అది సైబరు మోసాల కోసం ప్రభుత్వం పెట్టిన నంబరు. ఎంత తొందరగా చేస్తే డబ్బు దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

తమ్ముడికి ఒక పని అప్పగించండి. కంప్యూటర్ శుభ్రపడ్డాక మూడు వేళల్లో జాబితా తీయాలి: పొద్దున్న కంప్యూటర్ వెయ్యగానే, మధ్యాహ్నం బిల్లులు కొట్టేటప్పుడు, రాత్రి కొట్టు కట్టేముందు. కమాండు చివర పెద్దది అన్న లెక్కల గుర్తు పెట్టి ఒక ఫైలు పేరు రాస్తే జాబితా తెర మీదికి రాకుండా ఆ ఫైలులోకి వెళ్తుంది. టాస్క్‌లిస్ట్‌నీ అలాగే ఇంకో ఫైలులోకి. లిజనింగ్ వరసలే కావాలంటే నెట్‌స్టాట్ కమాండు తర్వాత నిలువు గీత, ఫైండ్‌స్టర్, ఆపైన లిజనింగ్ అన్న మాట ఇంగ్లీషు పెద్దక్షరాల్లో. చిన్నక్షరాల్లో కొడితే ఏమీ రాదు. ఒక వరస వచ్చిపోతుంటే పట్టుకోవడానికి కమాండు చివర ఖాళీ వదిలి 5 అంకె వేస్తే, ప్రతి ఐదు సెకన్లకీ కొత్త జాబితా ఇస్తుంది. కంట్రోల్, సి కలిపి నొక్కితే ఆగుతుంది. ఇంకో సంగతి, బ్రౌజరులో యూట్యూబ్ చూస్తున్నా ఎస్టాబ్లిష్డ్ వరస కనిపించకపోతే అనుమానపడొద్దు. ఇప్పటి బ్రౌజర్లు చాలావరకు యూడీపీ మీద తెచ్చుకుంటాయి. యూడీపీ వరసలకి స్థితి ఉండదు, అవతలి చిరునామా చోట నక్షత్రం గుర్తులే ఉంటాయి. తన లాప్‌టాప్‌లో లినక్స్ ఉంటే నెట్‌స్టాట్ బదులు ఎస్ఎస్ అన్న రెండక్షరాల కమాండు వాడమనండి. అక్కడ ఇప్పుడు దానిదే వాడుక.

ఆ మూడు జాబితాలూ ప్రింటు తీసి ట్యాలీ బల్ల సొరుగులో పెట్టండి. మీ కంప్యూటర్ మామూలు రోజున ఎలా ఉంటుందో మీకు తప్ప ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. నెలకోసారి కొత్తది తీసి పక్కన పెట్టి చూస్తే కొత్త పేరు దానంతట అదే కంటపడుతుంది. నంబర్లు మారతాయి, పేర్లు చూసుకోండి.

బ్యాకప్ అయ్యాక మాత్రం ఆ ఆరో వరస వెంట పడండి. పేరు, ఫోల్డరు, సిగ్నేచరు ఉందో లేదో, ఈ మూడూ రాసి పంపండి. బయటి చిరునామా కూడా. నేను అచ్చు వెయ్యను. అప్పటికీ అది ఎవరిదో తేలకపోతే, అప్పుడు ఫార్మాట్ గురించి మాట్లాడుకుందాం. మీ ఎనిమిదేళ్ల ఖాతాలు అప్పటికి రెండు చోట్ల భద్రంగా ఉంటాయి కదా.